చిల్లర ఉంచుకో బాబాయ్!

సినిమాలో హీరోగారు హోటల్లోకి వస్తారు. కాఫీ తాగుతారు. బిల్లెంతయిందో చూడనైనా చూడకుండా ఓ పెద్ద నోటు తీసి సాసరు కింద పెట్టి, క్రాఫు సర్దుకుంటూ బయటికి నడుస్తారు. సర్వరు నోరు వెళ్ళబెట్టి చూస్తూ వుంటాడు. నేల నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు!

బాగానే వుంది. అదే సీను తెనాలి రణరంగ చౌక్ పక్క హోటల్లో మీ మీద తీశారనుకోండి. జేబులో వున్నది వంద. బిల్లు ఎనభై. మిగిలిన ఇరవై షేరు ఆటోకి. ఎదురుగా సర్వరు, భుజం మీద తుండుగుడ్డ, చూపు మీ మొహం మీదే. పక్కన మీ ఫ్రెండు. అవతల టేబుల్ దగ్గర కాలేజీ అమ్మాయిలు. ఇప్పుడేం చేస్తారు హీరోగారూ?

ఇవ్వకపోతే పిసినారి అంటారేమో. ఇస్తే నడిచి వెళ్ళాలేమో. పదిస్తే తక్కువేమో, ఇరవై ఇస్తే వెర్రివాడనుకుంటారేమో... యీ ‘ఏమో’ల మధ్య నలిగిపోని కుర్రాడు మన డెల్టాలో ఎవడైనా వున్నాడా? అందుకే యీ వారం తారల కబుర్లు కాస్త పక్కనపెట్టి టిప్పు కబుర్లు చెప్పుకుందాం.

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడూళ్ళే ఎందుకంటారా? మద్రాసు మెయిన్ లైన్లో తెనాలి జంక్షను. అదే లైన్లో కిందికి పోతే బాపట్ల. తెనాలి దగ్గర విడిపోయి 34 కిలోమీటర్లు పోయి ఆగిపోయే కొమ్మ చివర రేపల్లె. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. జిల్లాలు వేరైనా జనం ఒకటే, జేబులు ఒకటే. పైగా సినిమా పాఠకులకి యీ నేల సంగతి కొత్తగా చెప్పాలా? బుర్రిపాలెం కృష్ణ, మోరంపూడి జగ్గయ్య, రావికంపాడు గుమ్మడి, తెనాలి శారద... చిరంజీవి కూడా చిన్నప్పుడు కొన్నాళ్ళు బాపట్లలో చదివినవాడే. ఇందరు తారలు పుట్టి తిరిగిన చోట దర్జాకి లోటేముంటుంది? దర్జాకి తగ్గ చిల్లరే దొరకదు, అంతే!

మాటల్లోనే వుంది మతలబు

టిప్పు అన్నది ఇంగ్లీషు మాట. అది రాకముందు మనకి వేరే మాటలున్నాయి. ఈనాము, బక్షీసు, మామూలు. మూడూ పారశీకం, అరబ్బీల మీదుగా వచ్చినవే. ఈనాము అంటే మెచ్చి ఇచ్చే బహుమానం. బక్షీసు కూడా దాదాపు అదే. కానీ ‘మామూలు’ చూడండి, దాని అర్థమే ‘అలవాటుగా జరిగేది’. మెచ్చడం, మెచ్చకపోవడం ప్రసక్తే లేదు. ప్రతిసారీ ఇస్తున్నారు గనక యీసారీ ఇవ్వాలి. మన గొడవంతా యీ రెండో రకంతోనే!

పూర్వం పల్లెల్లో చాకలికి, మంగలికి, వడ్రంగికి పనికింత అని రోజూ డబ్బులిచ్చేవారు కాదు. పంట కళ్ళంలో నూర్చాక ధాన్యంలో కొంత కొలిచి ఇచ్చేవారు. దాన్ని ‘మేర’ అన్నారు. కొందరికి ఈనాము భూములుండేవి. ఆంధ్ర ప్రాంతంలో ఆ ఈనాముల్ని రద్దు చేస్తూ 1956లో చట్టం వచ్చింది. మేర కూడా క్రమంగా పోయింది, కూలి డబ్బులొచ్చాయి. కానీ ‘అయ్యగారు పై నుంచి ఏదో పడేస్తారు, కింద నుంచి వీళ్ళు పుచ్చుకుంటారు’ అన్న పాత భంగిమ మాత్రం ఒక్క రోజులో పోలేదు. ఇవాళ మనం సర్వరుకి పది రూపాయలిచ్చే తీరులో దాని నీడ కనపడుతూనే వుంటుంది. నోటు బల్ల మీదికి విసిరేవాడొకడు, ‘ఏయ్’ అని చిటికేసి పిలిచి ఇచ్చేవాడొకడు. ఆ పది ఇవ్వకపోయినా బాగుండేది!

దసరా మామూళ్ళ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. వీధిబడి అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని, వాళ్ళ చేతికి విల్లంబులిచ్చి, పాట పాడిస్తూ ఇంటింటికీ వచ్చేవారు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకి మిఠాయి. పంతులుకి జీతం సరిగా లేని రోజుల్లో అదే ఆయన బోనసు. బడులు ప్రభుత్వానివయ్యాయి, పంతుళ్ళకి జీతాలొచ్చాయి, ఆ ఊరేగింపు ఆగింది. దసరా మామూలు అన్న మాట మాత్రం పేపరు కుర్రాడికి, ఇస్త్రీ బండి ఆయనకి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి చేరింది. ఏడాది పొడుగునా మన గేటు తీసినవాడికి పండక్కి ఓ కొత్త చొక్కా డబ్బులిస్తే తప్పేముంది? ఇచ్చెయ్యండి, ఆలోచించక్కర్లేదు.

ఇక నాటకాల సంగతి. తెనాలి అంటేనే నాటకం కదా! పద్యం బాగా పడితే ‘వన్స్‌మోర్’, ఆ వెనకే చదివింపులు. ‘ఫలానా ఊరు ఫలానా వారు కృష్ణుడి పాత్రధారికి నూట పదహార్లు’ అని మైకులో వినపడగానే నాటకం ఓ క్షణం ఆగేది. కృష్ణుడు రాయబారం మధ్యలో దణ్ణం పెట్టి మళ్ళీ అందుకునేవాడు! అదీ అసలైన టిప్పు. ఎవరూ అడగలేదు. మెచ్చినవాడు మెచ్చినంత ఇచ్చాడు, నలుగురూ విన్నారు. బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన స్థానం నరసింహారావుగారి స్త్రీ పాత్రలు చూసి జనం ఇచ్చిన బహుమానాలకి లెక్కలేదంటారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కానీ పద్యానికో చదివింపు ఇచ్చిన ప్రేక్షకుడు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తన తీర్పు చెప్పేశాడు.

హీరో ఎంట్రీకి తెర మీదికి నాణేలు విసరడం కూడా ఆ వంశంలోదే సుమండీ. కాకపోతే అక్కడ హీరోకి అందేది ఏమీ లేదు, తెరకి చిల్లులు తప్ప.

పళ్ళెంలో సోంపు, సోంపు కింద చిల్లర

హోటలు దగ్గరికి వద్దాం. టిప్పు అనే ఆచారం బతికింది చిల్లర మీద. ఎనభై ఆరు బిల్లుకి వంద ఇస్తే, చిన్న స్టీలు పళ్ళెంలో సోంపు పోసి, దాని మీద బిల్లు, బిల్లు మీద పధ్నాలుగు రూపాయలు పెట్టి తెచ్చేవాడు సర్వరు. అనుభవమున్న సర్వరైతే పది కాగితం ఒక్కటి తేడు, అయిదులుగా, రెండులుగా మార్చి తెస్తాడు. పది తీసుకుని నాలుగు వదిలేస్తారని వాడి లెక్క. అందులో మోసం లేదు, మనస్తత్వ శాస్త్రం వుంది!

2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు రేపల్లెలో టీ బండి దగ్గర కూడా క్యూఆర్ అట్ట వేలాడుతోంది. ఎనభై ఆరు అంటే ఎనభై ఆరే పోతుంది. పళ్ళెంలో సోంపు మిగిలింది, చిల్లర మాయమైంది. చిల్లర బదులు చాక్లెట్టు చేతిలో పెట్టే కౌంటరు పీడ విరగడైంది, సంతోషమే. కానీ రోజుకి వంద రెండొందలు పై సంపాదనతో ఇల్లు లాక్కొచ్చే సర్వరు సంగతేమిటి? ఓనరు ఖాతాలోకి పోయే క్యూఆర్ మీద మీరు ఓ పది ఎక్కువ కొట్టినా అది సర్వరుకి చేరుతుందన్న పూచీ లేదు. అందుకని, ఇవ్వదలుచుకున్నవాళ్ళు పర్సులో రెండు మూడు పది కాగితాలు పెట్టుకుని బయల్దేరండి. పాత పద్ధతే మంచి పద్ధతి.

ఎంతివ్వాలి? టిఫిను బండి దగ్గర, టోకెను తీసుకుని మనమే ప్లేటు పట్టుకొచ్చుకునే చోట, టిప్పు ప్రశ్నే లేదు. బండి యజమానే ఇడ్లీ వేసిస్తుంటే అసలివ్వకండి. ఓనరుకి టిప్పు ఇవ్వబోతే ఆయనకి చిన్నతనం. ‘చట్నీ అదిరింది బాబాయ్’ అంటే చాలు, రేపు ఓ గరిటె ఎక్కువే పడుతుంది. భోజనం హోటల్లో విస్తరి దగ్గర నిలబడి అడిగి అడిగి వడ్డించినవాడికి పదో ఇరవయ్యో ఇవ్వడం మర్యాద. నలుగురు కలిసి ఏసీ రెస్టారెంట్లో రెండు గంటలు కూర్చుని, బర్త్‌డే కేకు కోసి, బల్లంతా క్రీము పూసి లేచారనుకోండి, బిల్లులో నూటికి అయిదు నుంచి పది దాకా ఇవ్వాల్సిందే. ఆ క్రీము తుడిచేది సర్వరు కాదు, క్లీనరు కుర్రాడు. వాడికి విడిగా ఓ ఇరవై చేతిలో పెడితే వాడు మిమ్మల్ని మర్చిపోడు.

ఇక్కడ ఒక్క విషయం. బిల్లు అడుగున ‘సర్వీసు చార్జీ’ అని పదిశాతం కలిపి వుంటే కంగారుపడి కట్టెయ్యకండి. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది: హోటళ్ళు సర్వీసు చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదు, ఇచ్చి తీరాలని బలవంతం చెయ్యకూడదు. హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి. తియ్యకపోతే 1915కి ఫోను చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. సర్వీసు చార్జీ వేరు, జీఎస్టీ వేరు. జీఎస్టీ మాత్రం పన్ను, అది తియ్యమంటే మీరే నవ్వులపాలవుతారు.

సర్వరంటే గుర్తొచ్చింది. 1964లో తమిళంలో వచ్చిన ‘సర్వర్ సుందరం’ చూశారా? నాగేష్ అందులో హోటల్ సర్వరు, తర్వాత సినిమా స్టారవుతాడు. చేతి మీద కప్పులూ సాసర్లూ గోపురంలా పేర్చుకుని నడిచిన ఆ నడక చూస్తే, కప్పు మోసుకొచ్చేవాడి పనిలో ఎంత నేర్పుందో తెలుస్తుంది. ఈసారి హోటల్లో ఒంటి చేత్తో నాలుగు ప్లేట్లు తెచ్చేవాణ్ణి ఓ నిముషం అలా చూడండి.

కూలీ నెంబర్ వన్ నుంచి నీళ్ళ సీసా దాకా

1991లో ‘కూలీ నెంబర్ వన్’లో వెంకటేష్ ఎర్ర చొక్కా వేసుకుని పెట్టెలు మోస్తే హాళ్ళు నిండిపోయాయి. ఆ ఎర్ర చొక్కా నిజం స్టేషన్లో వేసుకున్నవాడికి లైసెన్సుంటుంది, చేతికి బిళ్ళ వుంటుంది, బరువుకింతని రైల్వే కట్టిన రేటుంటుంది. 2016 రైల్వే బడ్జెట్లో వాళ్ళకి ‘సహాయక్’ అని కొత్త పేరు పెట్టారు. పేరు మారింది గాని పని పెరగలేదు. చక్రాల సూట్‌కేసు వచ్చి వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసింది. తెనాలిలోనో బాపట్లలోనో రైలు ఆగేది కాసేపే. అమ్మమ్మని, ఆవకాయ జాడీని, రెండు బియ్యం మూటల్ని ఓవర్‌బ్రిడ్జి ఎక్కించి దించినవాడికి మాట్లాడుకున్న దాని మీద ఓ ఇరవై వేసి ఇవ్వండి. బేరం ముందు, ఇరవై తర్వాత. ముందే మాట్లాడుకోకుండా దిగాక పేచీ పెట్టుకుంటే తప్పు మీదే.

రైలు లోపలి సంగతి వేరు. క్యాటరింగు కుర్రాడికి టిప్పు ఇవ్వాలా? రైల్వేవారే 2019లో బోర్డులు పెట్టించారు: దయచేసి టిప్పు ఇవ్వకండి, బిల్లు ఇవ్వకపోతే మీ భోజనం ఉచితం అని. అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే వసూళ్ళు ఏ స్థాయిలో వుండేవో ఊహించుకోండి. నీళ్ళ సీసా కథ చూడండి. రైల్ నీర్ లీటరు సీసా ధర 15 రూపాయలుండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 14 చేశారు. ఇరవై కాగితం ఇస్తే ‘చిల్లర లేదు సార్’ అని వెళ్ళిపోతే, ఆ పోయిన ఆరు రూపాయలు టిప్పు కాదండోయ్. మీరు ఇవ్వలేదు, అతను తీసుకున్నాడు.

చిల్లరకీ మనకీ వున్న అనుబంధంలో కండక్టరుగారి అధ్యాయం విడిగా రాయాలి. టిక్కెట్టు వెనక బాకీ రాసిచ్చి, ‘దిగేటప్పుడు అడగండి’ అనడం, మనం మాటల్లో పడి మర్చిపోయి దిగడం, బస్సు కదిలాక గుర్తొచ్చి వెనక పరుగెత్తడం! ఆర్టీసీ కండక్టరుకి టిప్పు ఆచారం లేదు. ఆ టిక్కెట్టు వెనక రాతే ఆచారం.

ఇది టిప్పు కాదు గురూ!

ఇప్పుడు నవ్వు కాస్త ఆపాలి.

ఇంటికి గ్యాసు సిలిండరు వస్తుంది. బిల్లు మీద వున్న రేటు కాక ఇంకో ముప్పై, నలభై అడుగుతారు. ఆ రేటులోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి వుంటుంది. గోడౌనుకి మనమే వెళ్ళి తెచ్చుకుంటే ఆ మేరకు కొంత తగ్గించాలన్నది నియమం. ఇది తెలియక, ‘అందరూ ఇస్తున్నారు కదా’ అని ఇచ్చేస్తాం. రాష్ట్రంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం 2024 నవంబరులో మొదలైంది. డబ్బు ముందు కట్టించుకుని, తర్వాత బ్యాంకులో వేసే పద్ధతిలో పెట్టారు. సిలిండరు డబ్బు తిరిగొస్తుంది. పై ముప్పై మాత్రం ఏ ఖాతాలోకీ తిరిగి రాదు!

అయితే రెండో వైపు కూడా చూడాలి. సిలిండర్లో 14.2 కిలోల గ్యాసు, ఇనప బండ బరువు కలిపితే ముప్పై కిలోల పైమాటే. లిఫ్టు లేని మూడో అంతస్తుకి ఎండలో ఆ బండ భుజాన ఎత్తుకొచ్చినవాడు గుమ్మంలో చెమటలు కక్కుతూ నిలబడితే, చల్లటి మంచినీళ్ళూ ఓ ఇరవై రూపాయలూ ఇవ్వడానికి ఏ నియమాలూ అక్కర్లేదు. తేడా ఎక్కడంటే, గుమ్మంలో దింపి చెయ్యి చాచకుండా నిలబడ్డవాడికి మనం ఇస్తే అది టిప్పు. ‘ఇస్తేనే పైకి తెస్తా’ అంటే అది వసూలు. అతనికి డీలరు సరిగా ఇవ్వడం లేదంటే ఆ బాకీ డీలరుది, మనది కాదు.

అంతకన్నా బరువైన సంగతి ఆస్పత్రి. కాన్పు గది బయట నిలబడ్డ తండ్రికి బిడ్డని చూపించడానికి రేటు! మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత. కోస్తా జిల్లాల్లో యీ మాట వినని ఇల్లుందా? ‘సంతోషంగా ఇవ్వండి బాబూ’ అంటారు. సంతోషానికి టారిఫ్ పట్టీ ఏమిటి? పైగా ఆడపిల్ల పుడితే రేటు తక్కువట. దాన్ని మించిన అవమానం ఆ పసిగుడ్డుకి ఇంకేముంటుంది, పుట్టిన గంటలోనే! ఇవ్వకపోతే స్ట్రెచరు కదలదేమో, దుప్పటి మార్చరేమో అన్న భయంతో కూలివాడు కూడా అప్పు చేసి ఇస్తాడు. భయంతో ఇచ్చింది బహుమానం ఎలా అవుతుంది?

మొన్న ఒకాయన అన్నారు: ‘అది కూడా టిప్పే కదండీ, పాపం వాళ్ళవీ చిన్న ఉద్యోగాలే.’ చిన్న ఉద్యోగాలే, కాదనను. చాలామంది కాంట్రాక్టు మనుషులు, జీతం తక్కువ. కానీ ఆ లోటు పూడ్చాల్సింది కాంట్రాక్టరూ సర్కారూ. మంచం మీద వున్న బాలింత కాదు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకుందాం. ప్రభుత్వ ఉద్యోగి తను చెయ్యవలసిన పనికి పై డబ్బు తీసుకోవడం 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం నేరం. 2018లో దాన్ని సవరించి, ఇచ్చినవాడు కూడా నేరస్తుడే అన్నారు. ఏడేళ్ళ దాకా జైలు! ‘అయ్య బాబోయ్, మేం బలవంతం మీద ఇచ్చాం’ అంటారా? అలాంటివాళ్ళు ఏడు రోజుల్లోగా పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో తెలియజేస్తే వాళ్ళకి శిక్ష లేదు. ఆ శాఖ ఫోను నెంబరు 1064. గుర్తుపెట్టుకోవడం కష్టమేం కాదు, నాలుగంకెలే.

తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలకి దేవస్థానం మన దగ్గర ఏమీ పుచ్చుకోదు. అక్కడ క్షురకులు డబ్బులడగడం నిషేధం. అయినా మొక్కు తీర్చుకుని కొత్త గుండుతో బయటికొచ్చిన బాబాయ్‌ని అడిగి చూడండి, ‘ఎంతో కొంత పెట్టాంలే’ అంటాడు. దేవుడి దగ్గరే మామూలు తప్పకపోతే మనూరి ఆఫీసుల్లో తప్పుతుందా అని నిట్టూర్చడం మన అలవాటు. ఆ నిట్టూర్పు మీదే మామూలు బతుకుతోంది.

కుర్చీ, ఆటో, సైకిల్ స్టాండు

సెలూన్‌కి వెళ్దాం. 2008లో వచ్చిన ‘కథానాయకుడు’లో జగపతిబాబు పల్లెటూరి మంగలి, రజనీకాంత్ అతని చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు సూపర్‌స్టారు. కుర్చీ పాతది, కస్టమర్లు లేరు, పౌరుషం మాత్రం నిండుగా వుంది. ఆ పౌరుషమే చాలా సెలూన్లలో కనపడుతుంది. ఓనరే కత్తెర పట్టుకుంటే రేటు ఇచ్చి నమస్కారం పెట్టి రండి. పనివాడు చేస్తే, వచ్చిన డబ్బులో అతనికి వాటా మాత్రమే వస్తుంది. తలకి నూనె పెట్టి పది నిముషాలు మర్దనా చేసినవాడికి ఓ ఇరవై ఇవ్వొచ్చు. అది కూడా చేతికి చెయ్యి తగిలేలా ఇవ్వండి, కౌంటరు మీద పారేసి కాదు. పాత రోజుల్లో వాళ్ళకి మేర ఇచ్చినవాళ్ళు చేతికి చెయ్యి తగలకుండా దూరం నుంచి గుడ్డలో పోసేవారు. ఆ జ్ఞాపకం వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా వుంది.

మన ఆటోలు యాప్ చూసి రావు, చెయ్యి ఊపితే ఆగుతాయి. బాపట్ల స్టేషను నుంచి సూర్యలంక బీచికి మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టు ఇస్తే చాలు. మీరు కెరటాల్లో కేరింతలు కొడుతుంటే రెండు గంటలు ఎండలో కాచుకున్నాడా, చెప్పులు, ఫోన్లు కాపలా కాశాడా, అప్పుడు యాభై వేసి ఇవ్వడం న్యాయం. పెద్ద నగరాల్లో ఓ వింత నడిచింది. బండి రాకముందే టిప్పు కొడితే త్వరగా వస్తుందని యాప్‌లో బటను పెట్టారు. 2025 మే నెలలో కేంద్ర ప్రాధికార సంస్థ యీ ముందస్తు టిప్పు గురించి ఊబర్‌కి నోటీసిచ్చింది. నిజమే కదా! పనికి ముందు ఇచ్చేది టిప్పు ఎలా అవుతుంది? సినిమా చూడకముందే వందరోజుల ఫంక్షను చేసినట్టుంది.

బిర్యానీ ప్యాకెట్టు తెచ్చే కుర్రాడి విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. పెట్రోలు ఖర్చు అతనిది, బండి అతనిది, వానలో తడిసే ఒళ్ళు అతనిది. వానొచ్చిన రోజు, అర్ధరాత్రి పూట, అడ్రసు దొరక్క నాలుగు సందులు తిరిగిన రోజు, చేతిలో ఓ ఇరవై పెట్టండి. నోటు లేకపోతే అతని నెంబరుకే నేరుగా కొట్టండి. బహుశా అతను మీ కాలేజీ సీనియరే అయివుంటాడు. పెళ్ళిళ్ళలో క్యాటరింగు డ్రెస్సు వేసుకుని జిలేబీ వడ్డించే కుర్రాళ్ళని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? సగం మంది స్టూడెంట్లే, సాయంత్రం ఖర్చులకి వచ్చినవాళ్ళు. వాళ్ళు మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటే మీరూ చూడనట్టే వుండండి. ఆ నిముషంలో డబ్బు తీసి ఇవ్వబోయేరు, వద్దు. పక్కన కూర్చుని కలిసి తినడమే అప్పటికి మర్యాద.

పెట్రోలు బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిలు కంపెనీల నియమమే. గాలి కొట్టిన పెద్దాయనకి అయిదు, పది ఇవ్వడం మన ఇష్టం, పెద్దాయన వయసు చూసి. ఇక థియేటరు స్టాండులో రేటు బోర్డు వుంటుంది. అంతే ఇవ్వండి. రిలీజు రోజున వందలాది బళ్ళ మధ్యలోంచి మీ బండి లాగిచ్చినవాడికి టీ డబ్బులు మీ అభిమాన హీరో పేరు మీద ఇచ్చుకోండి, మేం అడ్డురాం. బ్లాకులో టిక్కెట్టు కొని, ‘పోనీలే, వాడికీ టిప్పు ఇచ్చినట్టయింది’ అనుకుంటే మాత్రం మాతో చెప్పకండి.

డాలరు టిప్పు

మన తెనాలి, రేపల్లె పిల్లలు అమెరికాలో దిగగానే మొదట తినే షాకు చలి కాదు, టిప్పు! అక్కడ హోటల్లో కూర్చుని తింటే నూటికి పదిహేను, ఇరవై ఇవ్వకపోతే సర్వరు వెనకాలే వచ్చి ‘ఏమన్నా పొరపాటు జరిగిందా’ అని అడిగినా అడుగుతుంది. కారణం లేకపోలేదు. టిప్పులొచ్చే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని గంటకి 2.13 డాలర్లిస్తే చాలు. ఈ అంకె 1991 నుంచి కదల్లేదు! మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. ఆ తేడా టిప్పుల్లోంచి పూడాలి, పూడకపోతేనే యజమాని వెయ్యాలి. కొన్ని రాష్ట్రాలు ఎక్కువిస్తాయి గాని, దేశం చట్టం ఇదీ. అంటే అక్కడ టిప్పు దయాధర్మం కాదు, జీతంలో మన వాటా. జపానులోనైతే సరిగ్గా తలకిందులు. బల్ల మీద డబ్బు వదిలేసి వస్తే, మర్చిపోయారనుకుని వెంటపడి తెచ్చిచ్చేస్తారు.

ఓ రేపల్లె పెద్దాయన కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్ళారు. కుటుంబమంతా కలిసి హోటల్‌కి పోయారు. బిల్లు అరవై డాలర్లు. కార్డు మిషను మీద 18, 20, 25 శాతం అని మూడు గళ్ళు వచ్చాయి. కొడుకు మధ్యది నొక్కాడు. పన్నెండు డాలర్లు. పెద్దాయన మనసులో గబగబా గుణించారు, వెయ్యి రూపాయలు దాటింది.

‘ఒరేయ్ అబ్బాయ్, ఆ అమ్మాయి మనకి అంత సేవేం చేసిందిరా? మంచినీళ్ళు కూడా ఐసు వేసి తెచ్చింది!’

‘జీతం తక్కువ నాన్నా వాళ్ళకి.’

‘మరి ఆ ఓనరుకి ఎవరూ చెప్పరట్రా?’

కొడుకు దగ్గర దానికి జవాబు లేదు. పెద్దాయన లేచి, కోటు జేబులోంచి ఇంకో డాలరు తీసి, ఆ అమ్మాయి చేతిలోనే పెట్టి వచ్చారు.